ఇంకో సీల

మన ఆడవాళ్ళ పుస్తెలతాడుకి ఎప్పుడూ ఒకటో రెండో పిన్నీసులు వేలాడుతూ వుంటాయి. పుస్తెలు బంగారువి, పిన్నీసులు ఇనుపవి. వాటిని అక్కడ పెట్టుకోమని ఏ పురోహితుడూ చెప్పలేదు. కాల్లో ముల్లు దిగితే తీసేది పిన్నీసే. జాకెట్టు హుక్కు తెగితే ఆదుకునేది పిన్నీసే. లంగా బొందు లోపలికి వెళ్ళిపోతే మళ్ళీ ఎక్కించేది పిన్నీసే. కిక్కిరిసిన బస్సులో వెనకనుంచి చెయ్యి వేసినవాడికి బుద్ధి చెప్పేది కూడా అదే. ఇన్ని పనులు చేసే వస్తువుని మనం పనిముట్టు అనం. పనిముట్ల పెట్టె అనగానే పానాలూ, సుత్తులూ, స్క్రూడ్రైవర్లూ వున్న మగవాళ్ళ పెట్టె గుర్తొస్తుంది. మెడలో వేసుకు తిరిగేదాన్ని పెట్టె అని ఎవరంటారు?

యంత్రాల్లోనూ పిన్నులుంటాయి. వాటికి తెలుగులో మంచి పాతమాట వుంది, సీల. ఎడ్లబండి ఇరుసు చివర చక్రం ఊడిపోకుండా ఆపేది సీల. పుల్లీకీ పాతమాట వుంది, గిలక. నేను చెప్పబోయేది ఒక సీల గురించి. వందేళ్ళ నాటి ఒక కారు ఇంజన్లో గిలకని ఇరుసుకి పట్టి వుంచే సీల. గత వేసవిలో మేడ్చల్లోని ఒక రేకుల షెడ్డులో దాన్ని తయారుచేసి బిగించడం మొదటినుంచి చివరిదాకా దగ్గర కూర్చుని చూశాను. ఆ పని చేసింది ఒక స్త్రీ. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు నాకూ కార్లకీ సంబంధం లేదు. స్త్రీల రామాయణపు పాటల మీద పిహెచ్.డి. చేశాను. మేడ్చల్ రోడ్డులో ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్తాను. ఎండాకాలం సెలవులు పిల్లలకి సెలవులు, మాకు జీతం లేని నెలలు. ఆ నెలల్లో అనువాదాలు చేసుకుంటాను. మందుల కరపత్రాలు, బ్యాంకు ఫారాలు, ఏది దొరికితే అది. అలా దొరికిన పనే ఇదీ. శామీర్‌పేట చెరువు దాటాక ఒక ఫామ్‌హౌసులో పాత కార్లు సేకరించే ఒక పెద్దమనిషి వున్నాడు. ఆయన దగ్గర 1920ల నాటి ఫోర్డ్ మోడల్ టి కారు వుంది. దాని రిపేరు పుస్తకం ఇంగ్లీషులో వుంది. కారు బాగుచేసే మేస్త్రీకి ఇంగ్లీషు రాదు. పుస్తకాన్ని తెలుగు చెయ్యాలి, అవసరమైతే షెడ్డుకి వెళ్ళి చదివి వినిపించాలి. పేజీకి ఇంత అని మాట్లాడుకున్నాం.

మేడ్చల్, శామీర్‌పేట పక్కపక్కనే వున్న ఊళ్ళు. రెండూ ఇప్పుడు ఒకే జిల్లాలోవి, 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. కానీ వాటి రోడ్లు వేరు. మేడ్చల్ నాగపూర్ హైవే మీద వుంది. అక్కడంతా లారీలు, టిప్పర్లు, వాటి వెనక పంక్చరు షాపులు, వెల్డింగు షాపులు, లేతు మిషన్లు. శామీర్‌పేట కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద వుంది. అక్కడ చెరువు, జింకల పార్కు, రిసార్టులు, నల్సార్ లా యూనివర్సిటీ, బిట్స్ క్యాంపస్, ఇంకాస్త ముందుకెళ్తే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ. ఒకప్పుడు ఈ రెండు ఊళ్ళ చుట్టూ ద్రాక్షతోటలుండేవి. వాటిలో చాలావరకు వెంచర్లూ ఫామ్‌హౌసులూ అయిపోయాయి. శామీర్‌పేటలో కారు వుంటుంది, మేడ్చల్లో దాన్ని బాగుచేసే చేతులుంటాయి. ఆ రెంటి మధ్య నా స్కూటీ మీద ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని తిరిగాను.

మోడల్ టి గురించి రెండు మాటలు చెప్పాలి. హెన్రీ ఫోర్డ్ కంపెనీ దాన్ని 1908 నుంచి 1927 వరకు తయారు చేసింది. మొత్తం కోటిన్నర కార్లు. కుడివైపు స్టీరింగు వున్నవి కెనడా ఫ్యాక్టరీలో తయారై బ్రిటిష్ వలస దేశాలకి వెళ్ళేవి. 1926లో బొంబాయిలో ఫోర్డ్ ఇండియా కంపెనీ పెట్టారు. నాలుగు సిలిండర్లు, ఇరవై గుర్రాల బలం. కింద మూడు పెడళ్ళుంటాయి గానీ వాటిలో ఒక్కటీ యాక్సిలరేటర్ కాదు. అది స్టీరింగు కింద చేత్తో కదిపే మీట. తొలి రోజుల్లో దీనికి సెల్ఫ్ స్టార్టరు లేదు. ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి.

ఆ హ్యాండిల్ దగ్గరే మన సీల వుంది. ఇంజను లోపల వుండే క్రాంక్‌షాఫ్టు ముందు చివర ఒక పుల్లీ వుంటుంది. దానిమీద బెల్టు వేస్తే రేడియేటరు వెనక ఫ్యాను తిరుగుతుంది. పుల్లీలోంచీ షాఫ్టులోంచీ అడ్డంగా ఒకే రంధ్రం, ఆ రంధ్రంలో ఒక ఉక్కు పిన్ను. పుల్లీ షాఫ్టుతో కలిసి తిరగడానికి ఆధారం అదే. అంతే కాదు, స్టార్టింగు హ్యాండిల్ చివర వుండే పళ్ళు వచ్చి పట్టుకునేది కూడా ఆ పిన్నునే. అంటే మనిషి చేతి బలం ఇంజనులోకి వెళ్ళే దారీ, ఇంజను బలం ఫ్యానుకి వెళ్ళే దారీ రెండూ ఆ చిటికెన వేలంత ముక్క మీదుగానే. పిన్ను అరిగిపోతే హ్యాండిల్ పట్టు జారుతుంది, పుల్లీ వదులై కొట్టుకుంటుంది, ఫ్యాను ఆగితే ఎండలో ఇంజను మరిగిపోతుంది.

ఈ కారులో అదే జరిగింది. పిన్ను విరిగినప్పుడు ఎవరో ఒక బోల్టుని కోసి లోపల దూర్చారు. బోల్టుకి మరలుంటాయి. తిరిగినప్పుడల్లా ఆ మరలు ఆకురాయిలా రంధ్రాన్ని రాచాయి. గుండ్రంగా వుండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది. ఇంజను దించి షెడ్డులో చెక్కదుంగల మీద పెట్టాక ఆ సంగతి బయటపడింది. మేస్త్రీ టార్చి వేసి చూసి, లోపలికి తిరిగి "ఓ పిల్లా, జర ఇటు రా" అని కేక వేశాడు. వచ్చిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి. నేను అక్కా అనే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను.

చీర మీద మగవాళ్ళ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, మోచేతులదాకా మడిచింది. కొంగు చొక్కా లోపల దోపింది. పుస్తెలతాడు కూడా చొక్కా లోపలే. లేతు పక్కన గోడకి మేకు, ఆ మేకుకి డజను ఎర్ర గాజులు. లేతు మిషను తిరిగేటప్పుడు చేతికి గాజులుంటే చెయ్యి పోతుంది. అందుకని పనిలోకి వచ్చేముందు తీసి మేకుకి తగిలిస్తుంది. పెళ్ళైన కొత్తలో అత్త ఇది చూసి పెద్ద గొడవ చేసిందట. మొగుడు లారీ మీద దూరాలు పోతుంటే ముత్తైదువ బోడి చేతులతో కూర్చోవడమా అని. "నేనేమన్న అంటే, అత్తా, గాజులుంటే చెయ్యి పోతది, చెయ్యి పోతే గాజులేడ ఏసుకోవాలె అన్న" అని నవ్వింది. అత్తకి ఆ లెక్క నచ్చలేదు గానీ, లేతు మీద వచ్చే డబ్బు నచ్చిందట.

ఆ లేతు ఆమె కట్నం. వాళ్ళ నాన్న బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో టర్నరు. ఫ్యాక్టరీ మూతపడినప్పుడు రావాల్సిన డబ్బుకి బదులు ఒక పాత లేతు మిషను దక్కింది. దాన్ని ఇంటిముందు పెట్టుకుని పని చేసేవాడు. కొడుకులు లేరు. చిన్నప్పటినుంచీ పక్కన నిలబడి చూసీ, పట్టీ, ఆమె నేర్చుకుంది. పదో తరగతితో చదువు ఆపి పెళ్ళి చేశారు. నగదు లేదు గనక లేతు ఇచ్చారు. అది మెట్టినింటివాళ్ళ షెడ్డులోకి వచ్చింది, దానితోపాటు దాన్ని నడిపే మనిషీ వచ్చింది. షెడ్డు ఆమె బావది, అంటే భర్త అన్నది. బయట బోర్డు మీద ఆయన పేరు. లేతు పని ఖర్చు షెడ్డు బిల్లులో కలిసిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె అక్కడ తిప్పిన ఇనుముకి ఆమె పేరుతో ఒక్క కాగితం లేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ట్రాన్స్‌మిషన్ మెషినరీ అంటే ఏమిటో నిర్వచించారు. ఆ జాబితాలో షాఫ్టూ వుంది, పుల్లీ వుంది, బెల్టూ వుంది. అవి తిరుగుతున్నప్పుడు ప్రమాదం వుండేచోట ఏ స్త్రీ గానీ, పిల్లలు గానీ వాటిని తుడవకూడదు, నూనె వెయ్యకూడదు, సరిచెయ్యకూడదు అని 22వ సెక్షన్ చెప్పింది. స్త్రీనీ పిల్లల్నీ ఒకే వాక్యంలో కట్టేసింది. రక్షణ అనే పేరుతో వచ్చిన ఆ మాట వెనక, తిరిగే యంత్రానికీ స్త్రీకీ పడదనే నమ్మకం కూడా వుంది. 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చి ఆ పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. కానీ అక్క షెడ్డులో వున్నది ముగ్గురే మనుషులు. పదిమందైనా లేని చోటు ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీయే కాదు. అందువల్ల చట్టం ఆమెని ఆపనూ లేదు, కాపాడనూ లేదు.

ఇంతకీ స్త్రీలకి గిలకతో పరిచయం లేనిదెప్పుడు? బావి మీద గిలకని తరతరాలుగా తిప్పింది మనమే. అది కిర్రుమంటే ఆముదం చుక్క వేసింది మనమే. తాడు ఒరిసిపోతోందో, గిలక ఒక పక్కకి ఒరుగుతోందో ముందుగా తెలిసేది మన చేతులకే. తిరగలికి మధ్యలో నిలబెట్టిన మేకు వదులైతే పిండి బరకగా వస్తుందని మన అమ్మమ్మలకి తెలుసు. ఇదంతా ఇంటిపని అయింది గానీ యంత్రజ్ఞానం కాలేదు. జూడీ వాజ్‌మన్ 1991లో రాసిన 'ఫెమినిజం కన్‌ఫ్రంట్స్ టెక్నాలజీ' పుస్తకంలో చెప్పిందీ ఇదే. మగవాళ్ళ చేతిలో వున్నదాన్నే టెక్నాలజీ అని పిలవడం అలవాటైంది కాబట్టి స్త్రీలకి టెక్నాలజీ రాదనే మాట నిజంలా కనిపిస్తుంది. అక్క పుస్తకాలు చదవలేదు. లేతు ముందు నిలబడి వుంది, అంతే.

పిన్ను తయారీకి వస్తాను. మొదటి వాదన ఉక్కు గురించి వచ్చింది. మేస్త్రీ పాత డ్రిల్లు బిట్టు కాడని కోసి వెయ్యమన్నాడు. గట్టి ఉక్కు, ఎప్పటికీ విరగదు అని ఆయన ధీమా. అక్క ఒప్పుకోలేదు.

"గది శాన గట్టిది బావా. షాఫ్టును తింటది."

ఆమె వివరించిన లెక్క ఇది. రెండు ఇనుములు ఒకదాన్నొకటి ఒత్తుకున్నప్పుడు ఏదో ఒకటి అరుగుతుంది. పిన్ను అరిగితే ఇంకో పిన్ను తిప్పుకోవచ్చు. వందేళ్ళ నాటి క్రాంక్‌షాఫ్టులో రంధ్రం అరిగితే దాన్ని ఎక్కడినుంచి తెస్తాం? కాబట్టి పిన్ను బలంగా వుండాలి గానీ షాఫ్టుకన్నా గట్టిగా వుండకూడదు. ఈఎన్-8 అనే రకం ఉక్కు కడ్డీ తెప్పించింది. మేస్త్రీ ఒక్క నిమిషం ఆలోచించి, సరే అని వెళ్ళి టీ తాగొచ్చాడు. ఆ షెడ్డులో నిర్ణయాలు ఎలా జరుగుతాయో అప్పుడు చూశాను. బోర్డు మీద పేరున్నాయన ఒప్పుకోవాలి, ఒప్పించేంత తెలివి మాత్రం లోపల లేతు దగ్గర వుండాలి.

తర్వాత రంధ్రాన్ని గుండ్రం చెయ్యాలి. దానికి రీమర్ అనే పనిముట్టు వుంది, పొడవునా అంచులున్న ఉక్కు కడ్డీ. పుల్లీని షాఫ్టు మీద సరిగ్గా కూర్చోబెట్టి రెండింటిలోంచీ ఒకేసారి రీమరు దింపాలి. విడివిడిగా చేస్తే రెండు రంధ్రాలూ ఒక గీతలో వుండవు. నూనె వేస్తూ, చేత్తో, కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒకే వైపు తిప్పాలి, బయటికి తీసేటప్పుడు కూడా. వెనక్కి తిప్పితే అంచు పోతుంది, రంధ్రంలో గీతలు పడతాయి. కోడిగుడ్డు ఆకారం పోయి పూర్తి గుండ్రం వచ్చేంతవరకే తియ్యాలి, అక్కడితో ఆపాలి. ఎక్కువ తీస్తే పిన్ను లావు కావాలి, షాఫ్టులో మిగిలిన ఇనుము తగ్గిపోతుంది. ఆపడం ఎప్పుడో చేతికి తెలియాలి. నేను పుస్తకంలోంచి చదువుతున్నాను, ఆమె చెయ్యి ముందే అక్కడికి చేరుతోంది.

అప్పుడు పిన్ను. లేతు మీద కడ్డీ తిరుగుతుంటే ఊలు దారంలా ఇనుప చుట్టలు రాలాయి. ఆమె మైక్రోమీటరుతో కొలుస్తుంది, తిప్పుతుంది, మళ్ళీ కొలుస్తుంది. చివరికి తేడా మిల్లీమీటరులో వందో వంతు లెక్కకి వచ్చింది. వేడిగా వున్నప్పుడు కొలిస్తే తప్పు చూపిస్తుందని చల్లారేదాకా ఆగింది. చేత్తో తోస్తే పిన్ను సగం దూరం వెళ్ళి ఆగాలి, మిగతా సగం ఇత్తడి ముక్క అడ్డంపెట్టి సుత్తితో చిన్నగా తడితే వెళ్ళాలి. అదీ కొలత. ఊరికే జారిపోతే రేపు ఊడిపోతుంది. బలంగా కొట్టాల్సొస్తే పుల్లీ పగులుతుంది. పిన్నుల్లో చాలా రకాలున్నాయని ఆరోజే తెలిసింది. ఒక చివర సన్నగా వుండే టేపర్ పిన్ను వుంది, 50 మిల్లీమీటర్ల పొడవుకి 1 మిల్లీమీటరు సన్నబడుతుంది, కొట్టేకొద్దీ బిగుస్తుంది. దూర్చాక కాళ్ళు విడదీసి వంచే స్ప్లిట్ పిన్ను వుంది. ఇక్కడ కావలసింది మాత్రం నిలువునా ఒకే లావున్నది.

"ఇంటికి ఇల్లాలే సీల" వంటి మాటలు మనకి పొగడ్తలుగా వినిపిస్తారు. ఆవిడ లేకపోతే ఆ ఇల్లు నిలబడదండీ అంటారు. షెడ్డులో కూర్చుని ఆ పొగడ్త గురించి చాలా ఆలోచించాను. సీలని ఎందుకు మెత్తటి ఉక్కుతో చేస్తారు? ఖరీదైన షాఫ్టు బాగుండాలంటే ముందు చౌకది అరగాలి, విరగాల్సి వస్తే అదే విరగాలి. యంత్రానికి అది న్యాయమైన లెక్క, పిన్నుకి నొప్పి లేదు గనక. ఆ లెక్కనే ఇంట్లోకి తెచ్చి, అరగాల్సింది ఎవరో ముందే నిర్ణయించి, తర్వాత దానికి దండ వెయ్యడం మనకి బాగా తెలిసిన సంగతే. మా అమ్మ అలాగే అరిగింది. ఆమెని సీల అన్నవాళ్ళెవరూ ఆమె మోకాళ్ళ నొప్పికి మందు తేలేదు.

ఇక్కడే కైకేయి వచ్చింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర నా థీసిస్ దేనిమీద అని అక్క అడిగింది. రామాయణం పాటల గురించి చెప్తూ కైకేయి వేలి కథ చెప్పాను. దశరథుడు దేవతలకి సాయంగా రాక్షసులతో యుద్ధానికి వెళ్ళాడు. రథం మీద కైకేయి కూడా వుంది. యుద్ధం మధ్యలో ఇరుసు సీల ఊడిపోయింది. చక్రం పోబోతుంటే కైకేయి ఆ రంధ్రంలో తన వేలు పెట్టి రథాన్ని నిలబెట్టింది. రాజు గెలిచాడు, సంతోషించి రెండు వరాలిచ్చాడు. వాల్మీకిలో ఈ వేలు లేదు. అక్కడ అయోధ్యకాండలో మంథర గుర్తుచేసేది, స్పృహ తప్పిన రాజుని కైకేయి యుద్ధభూమినుంచి తప్పించి కాపాడిందనే. సీల విరగడం, ఆ రంధ్రంలో ఆమె చెయ్యి పెట్టడం అధ్యాత్మ రామాయణంలో వుంది. జనం నోట్లో చెయ్యి కాస్తా వేలయింది. ఆ వేలిని స్త్రీ సాహసంగా, త్యాగంగా, రాజకీయ పెట్టుబడిగా ఎన్ని రకాలుగా చదవొచ్చో నా థీసిస్‌లో ఒక అధ్యాయం వుంది. అది కూడా కొంత చెప్పాను.

అక్క పచ్చడి నంజుకుంటూ శ్రద్ధగా విన్నది. తర్వాత అడిగింది.

"మరి ఇంకో సీల పెట్టుకపోలేదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"రాజు చెల్లె. యుద్ధానికి పోతుండు. బండిల ఇంకో సీల పెట్టుకోవద్దా? మా ఆయన వరంగల్ దాంక పోవాలన్నా నాలుగు నట్లు, నాలుగు పిన్నులు డబ్బాల ఏసుకోని పోతడు. నా మెడల సూడు, ఎప్పుడూ రెండు పిన్నీసులుంటయి. ఒకటి పోతే ఒకటి. ఆమె ఏలు పెట్టింది, సరే. పెట్టేదాంక ఎందుకు రానిచ్చిండ్రు? సీల జూసుకునేటోడు ఏడ బోయిండు?"

మేస్త్రీ పెద్దగా నవ్వాడు. నేను కంచం పక్కన పెట్టి ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను. త్యాగం చుట్టూ అల్లిన కథలన్నిటినీ ఆ ప్రశ్నతో మళ్ళీ చదవొచ్చు. స్త్రీ ఎంత గొప్పగా వేలు పెట్టింది అని మనం పాడతాం, లేదా పెట్టి ఎంత మోసపోయింది అని బాధపడతాం. వేలు పెట్టాల్సిన అవసరం ఎవరి నిర్లక్ష్యంవల్ల వచ్చింది అని అడగం. దాని ఖరీదు ఒక సీల. దాన్ని ముందే సిద్ధంగా వుంచుకోవడం వీరత్వం కిందికి రాదు, అది రోజువారీ పని, కాబట్టి కావ్యంలోకి ఎక్కదు. విరిగాక వేలు పెట్టడం మాత్రం ఎక్కుతుంది. వెల్చేరు నారాయణరావు 1991లో తెలుగు స్త్రీల రామాయణపు పాటల మీద రాసిన ఇంగ్లీషు వ్యాసంలో, ఆ పాటల్లో యుద్ధాలకన్నా పురుళ్ళూ, పెళ్ళిళ్ళూ, ఇంటి వ్యవహారాలే ముఖ్యమని చూపించాడు. పని చేసేవాళ్ళు కథ చెప్తే చూపు ఎటు వెళ్తుందో అక్క ప్రశ్నలోనూ అదే కనిపించింది నాకు.

కార్ల చరిత్ర మొదట్లోనే ఒక పిన్ను వుంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్నీ తీసుకుని, భర్తకి చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడుచక్రాల బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్‌జైమ్‌కి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంత దూరం అప్పటిదాకా ఎవరూ కారులో వెళ్ళలేదు. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. తీగ మీద తొడుగు అరిగిపోతే మేజోడు పట్టీతో చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. భర్త కంపెనీ నిలబడడానికి పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు ఇచ్చింది కూడా ఆమే. 1886 నాటి పేటెంటు కార్ల్ బెంజ్ పేరు మీద వుంది. ఈ కథ చెప్పినప్పుడు అక్కకి టోపీ పిన్ను కన్నా కట్నం సంగతి ఎక్కువ పట్టింది. "గామెకు గూడ మిషనే కట్నమా?" అంది.

పేరు విషయం దగ్గరికి వస్తే, మా ఇద్దరి మధ్య చిన్న తేడా వచ్చింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో వున్న వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. నంబరులో వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. ఇలాంటి కార్లకి వాటి యజమానులు ఒక ఫైలు వుంచుకుంటారు, ఎప్పుడు ఏ భాగం ఎవరు బాగు చేశారో ఫొటోలతో సహా. శామీర్‌పేట పెద్దమనిషి కూడా తయారు చేయించాడు. అందులో పుల్లీ పిన్ను పేజీలో మేస్త్రీ పేరు, షెడ్డు పేరు వున్నాయి. లేతు ముందు తీసిన ఫొటోలో కూడా మేస్త్రీయే వున్నాడు. తెలుగు ప్రతి టైపు చేసేది నేనే గనక అక్క పేరు కూడా రాస్తానన్నాను. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తేకపోతే తెలంగాణ పోరాటంలో స్త్రీలు ఏం చేశారో వాళ్ళ నోటిమాటగా మనకి దక్కేదా అని నా ఆవేశం.

అక్క ఊఁ కొట్టి, నెమ్మదిగా అంది. "రాయి చెల్లె, వద్దంటనా. గని ఫైలుల పేరు రాస్తే బియ్యమొస్తయా? నాకు బిల్లు గావాలె. నా పేరు మీద బిల్లు, నా ఖాతల పైసలు. అప్పుడు గా ఫైలుల నా పేరు రాయకున్నా ఎవలన్నా కాదంటరా?"

నాకు కావలసింది గుర్తింపు, ఆమెకి కావలసింది హక్కు. రెండూ ఒకటే అని ఉపన్యాసాల్లో అంటాం గానీ, గంటల లెక్కన బతికే నాకే ఆ తేడా బాగా తెలుసు. నా పేరు కాలేజీ ప్రాస్పెక్టస్‌లో డాక్టరేట్ల జాబితాలో మొదట వుంటుంది. మే నెల జీతాల రిజిస్టరులో వుండదు.

మర్నాడు మేడ్చల్ బజారులో ఒక బిల్లు పుస్తకం కొన్నాం, ఒక రబ్బరు స్టాంపు చేయించాం. స్టాంపు మీద ఆమె పేరు, కింద లేతు వర్క్స్ అని. మొదటి బిల్లు నేను రాశాను, ఆమె చెప్పింది: రంధ్రం రీమింగు, ఈఎన్-8 కడ్డీ, పిన్నులు 2. ఫామ్‌హౌసు మేనేజరు ఫోను చేశాడు. లేతు ఖర్చు షెడ్డు బిల్లులో వస్తుంది కదా, ఇది విడిగా ఎందుకు అన్నాడు. అక్క ఫోను తీసుకుని, షెడ్డు బిల్లులో ఈ పని రాయలేదు సార్, చూసుకోండి అంది. మేము చెప్పింది ఒక పిన్ను, రెండెందుకు వేశారు అని ఆయన మళ్ళీ అడిగాడు.

"ఒకటి ఇంజన్ల ఉన్నది. ఇంకోటి డబ్బాల ఉన్నది. అదే సైజు మల్ల ఏడ దొరకదు సార్, రంధ్రం పెద్దగ జేసినం గదా. దార్ల ఇరిగితే ఏం బెడ్తరు?"

రెండో పిన్నుని గ్రీజు రాసి, నూనె కాగితంలో చుట్టి, దాని మీద కొలత తెలుగులో రాసి కారు పనిముట్ల సంచిలో పెట్టింది. ఫైల్లో కూడా ఆ కొలతని ఆమె పేరుతోనే టైపు చేశాను. డబ్బు ఇరవై రోజులకి వచ్చింది, ఆమె ఖాతాలోకే. బిల్లు పుస్తకం లేతు పక్కన, గాజుల మేకు కిందే వేలాడుతోంది. బావ దాని గురించి ఇంకా ఏమీ అనలేదు.